నా రీఫ్ ట్యాంకులోకి ఎవరు ముందు, ఎవరు వెనక

పగడాలూ చేపలూ కలిపి పెంచే ఉప్పునీళ్ల గాజు ట్యాంకు, అదే రీఫ్ ట్యాంకు, ఇంట్లోకి రాకముందే చేపల లిస్టు రాసేసుకున్నాను. క్లౌన్‌ఫిష్ 2, ఎల్లో టాంగ్ 1, మాండరిన్ 1, ఫైర్‌ఫిష్ 1, రాయల్ గ్రామా 1, బ్లూ డెవిల్ డామ్‌సెల్స్ 3, కోరల్ బ్యూటీ 1, సిక్స్‌లైన్ రాస్ 1. మొత్తం 11. కింద గీత గీసి 'ఒక ఎనిమోనీ' (క్లౌన్‌ఫిష్ కాపురముండే, పువ్వులాంటి సముద్రజీవి) అని కూడా చేర్చాను. ఆ కాగితం ఇప్పటికీ ట్యాంకు స్టాండు తలుపుకి లోపలివైపు అతికించి ఉంది. ఏడాదిన్నర తర్వాత చూస్తే అందులో కొట్టేయకుండా మిగిలిన పేర్లు మూడు.

మంచినీటి ట్యాంకు ఎనిమిదేళ్లు నడిపినవాణ్ణి. ఉప్పునీళ్లంటే దానికి ఇంకాస్త ఖర్చూ ఇంకాస్త ఉప్పూ తోడవుతాయి, అంతే కదా అనే ధీమా. ఈ పనిలో నాకంటే చాలా ముందున్న ఒకాయన ఉన్నాడు, అన్నా అని పిలుస్తాను. లిస్టు చూపిస్తే నవ్వలేదు కూడా. "ట్యాంకు ఎంత పొడవు?" అన్నాడు. మూడడుగులన్నాను. జేబులోంచి పెన్ను తీసి ఎల్లో టాంగ్ మీద అడ్డంగా గీత కొట్టాడు. "ఇది రోజంతా ఈదే చేప. నాలుగడుగులు కూడా దానికి తక్కువే." మాండరిన్ దగ్గర ఆగాడు. "ఇది రాళ్ల మీద పాకే సన్న పురుగుల్ని, కోపీపాడ్లని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏరుకు తింటూనే ఉంటుంది. కొత్త ట్యాంకులో అవి ఎక్కడుంటాయి? నీ కళ్ల ముందే ఎండిపోయి చచ్చిపోతుంది." మళ్లీ గీత. డామ్‌సెల్స్ మీద కూడా గీత కొట్టబోతుంటే కాగితం లాక్కున్నాను. ఆ లాక్కోవడం గురించి ముందు ముందు చెప్తాను.

ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. లెక్కకి 190 లీటర్లు. రాళ్లూ ఇసుకా పోగా పట్టిన నీళ్లు 160 దాకా. ఆర్వో, డీఐ ఫిల్టర్లు రెండూ దాటి టీడీఎస్ (కరిగిన లవణాల కొలత) 0 చూపించిన నీళ్లలో రీఫ్ సాల్ట్ కలిపి 35 పీపీటీకి (వెయ్యికి 35 పాళ్లు), అంటే సాంద్రత 1.026కి తెచ్చాను. వేడి 25.5 డిగ్రీలు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని మొదట్లో మామూలు నీళ్లతో సరిచూసుకునేవాణ్ణి. అన్న ఇచ్చిన 35 పీపీటీ ద్రావణం వేసి చూస్తే అది 33 చూపించింది. మొదటి బకెట్టు నుంచీ ఉప్పు ఎక్కువే కలుపుతున్నానన్నమాట. అప్పటినుంచి నెలకోసారి ఆ ద్రావణంతోనే చూసుకుంటాను.

ఎండు రాళ్లు పెట్టి, బాటిల్ బ్యాక్టీరియా పోసి, అమోనియా 2 పీపీఎం వచ్చేలా చుక్కలు వేశాను. చేపలకి విషమైన అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా పెరిగేదాకా చేపలు వేయకూడదు. ఇక ఎదురుచూపు. ఇంటికి వచ్చినవాళ్లు ట్యాంకు దగ్గర వంగి చాలాసేపు వెతికి, చివరికి మొహమాటంగా "చేపలు కనపడటం లేదండీ" అనేవాళ్లు. లేవండీ అనేవాణ్ణి. అమోనియా తొమ్మిదో రోజుదాకా కదల్లేదు. తర్వాత తగ్గడం మొదలై, నైట్రైట్ ఒక్కసారిగా పైకి లేచి అక్కడే కూర్చుంది. వేసిన 2 పీపీఎం అమోనియా 24 గంటల్లో మాయమై, నైట్రైట్ కూడా సున్నా చూపించేసరికి 38 రోజులైంది. అప్పటికి పోగైన నైట్రేట్ తగ్గడానికి సగం నీళ్లు మార్చాను. ఈలోగా ఇసుక మీద తుప్పులాంటి గోధుమరంగు పొర పరుచుకుంది. డయాటమ్‌లు, ఒక రకం సన్న పాచి. కొత్త ట్యాంకుల్లో వచ్చేవే, వాటంతట అవే పోతాయని తెలిసినా రోజూ తుడిచేవాణ్ణి. మర్నాటికి మళ్లీ అంతే.

ముందుగా నత్తల్ని దింపాను. ట్రోకస్ నత్తలు 5, నసారియస్ 3. ట్రోకస్ ఎందుకంటే బోర్లా పడితే తిరిగి లేవగలదు. ఆస్ట్రేయా నత్తకి చాలాసార్లు అది చేతకాదు, ఇసుక మీద వెల్లకిలా పడి అలాగే చస్తుంది. హెర్మిట్ క్రాబులు వద్దనుకున్నాను. పెద్ద గుల్ల కావాలనిపిస్తే నత్తని చంపి అందులో దూరుతాయి.

ఇక్కడిదాకా బాగానే నడిచింది. తప్పు ఆ తర్వాత చేశాను.

దుకాణంలో బ్లూ డెవిల్ కనిపించింది. ఆ నీలాన్ని చూసి కాళ్లు కదల్లేదు. అమ్మేవాడు కూడా "గట్టి చేప సార్, కొత్త ట్యాంకుకి మొదట ఇదే వేస్తారు" అన్నాడు. గట్టిదన్న మాట నిజమే. లిస్టులో మూడు రాసుకున్నా ఒక్కటే తెచ్చి, దానికి నేనేదో నిగ్రహం చూపించానని మురిసిపోయాను. క్వారంటైన్ లేదు, ఏమీ లేదు, నేరుగా ట్యాంకులో వదిలాను. మూడు వారాలు 160 లీటర్ల నీళ్లలో అదొక్కటే. ప్రతి రాయి కిందా దూరింది, ప్రతి మూలా చూసింది. మొత్తం జాగా తనదే అనుకుంది. ఎందుకనుకోదు?

నాలుగో వారం ఫైర్‌ఫిష్ వచ్చింది. ముందు తెలుపు, తోకవైపు ఎరుపు, వీపు మీద జెండా కర్రలా పొడుగాటి రెక్క. మహా పిరికిది, నీడ పడితే బొరియలోకి దూరే రకం. డామ్‌సెల్ దాన్ని చూసిన అర నిమిషంలో తరమడం మొదలుపెట్టింది. కొరికినట్టు కనపడలేదు గానీ ఆగనివ్వలేదు. లైట్లు ఆర్పితే సర్దుకుంటుందనుకున్నాను. పొద్దున మా అమ్మాయి పళ్లు తోముకుంటూ వచ్చి "నాన్నా, కొత్త చేప ఎక్కడ?" అంది. రాళ్లన్నీ టార్చి వేసి వెతికాం. దొరికింది ట్యాంకు వెనక, గోడకీ స్టాండుకీ మధ్య నేల మీద. బిగుసుకుపోయి, ఆ పొడుగు రెక్క ఇంకా నిక్కబొడుచుకునే ఉంది. ఫైర్‌ఫిష్ బెదిరితే గెంతుతుందని చదివాను. మూత చేయించాలనీ అనుకున్నాను. వచ్చే వారం అనుకున్నాను.

అన్నకి ఫోన్ చేశాను. "డామ్‌సెల్‌ని తీసెయ్" అన్నాడు, అదేదో జేబులోంచి రుమాలు తీసినంత తేలిక అన్నట్టు. వలకి దొరకదు. ప్లాస్టిక్ సీసా మెడ కోసి లోపలికి తిప్పి పెట్టి, అందులో మేత వేశాను. రెండు రోజులు సీసా చుట్టూ తిరిగింది, మేత మీద ఆశ ఉంది, లోపలికి మాత్రం రాదు. మూడో రోజు నసారియస్ నత్త ఒకటి పాక్కుంటూ వెళ్లి ఆ మేత కాస్తా తినేసింది. చివరికి రాళ్లు పీకడానికే సిద్ధపడ్డాను. ఒక్కో రాయి తీసి బకెట్లో పెడుతుంటే చేప మిగతా రాళ్లలోకి మారుతూ వచ్చింది. ఆఖరి రాయి దగ్గర కనపడకుండా పోయింది. చూస్తే ఓ కన్నంలో ఇరుక్కుని ఉంది. నీలం పోయి ఒళ్లంతా బొగ్గులా నల్లబడింది. భయం వేస్తే బ్లూ డెవిల్ అలా నల్లబడుతుందని అప్పుడే చూశాను. రాయితో సహా పైకెత్తి బకెట్టు మీద పట్టుకున్నాను. కొన్ని క్షణాలు బిగబట్టుకుని, టప్పున జారిపడింది. మోచేతుల దాకా ఉప్పు, గదంతా నీళ్లు, ఇసుక మేఘంలా లేచి ట్యాంకులో ఏమీ కనపడటం లేదు. దాన్ని దుకాణంలో తిరిగిచ్చేశాను. అది చేసిన తప్పేమీ లేదు, నిజానికి.

ఇప్పుడు ట్యాంకులో చేపలు సున్నా. రెండు చేపలు క్వారంటైన్ లేకుండా వచ్చి వెళ్లాయి కాబట్టి ఇంకో అనుమానం పట్టుకుంది: మెరైన్ ఇచ్. చేప ఒంటి మీద ఉప్పురవ్వల్లా కనిపించే పరాన్నజీవి ఇది. కొద్దిరోజులు చేప మీద ఉండి రాలిపోయి, రాయికో ఇసుకకో అంటుకుని గుల్ల కట్టుకుంటుంది. ఆ గుల్లలోంచి వందల పిల్లలు వస్తాయి. గుల్ల దశ 72 రోజుల దాకా సాగొచ్చు. అందుకే ట్యాంకుని చేపల్లేకుండా 76 రోజులు ఉంచడం ఈ అలవాటున్నవాళ్లందరికీ తెలిసిన లెక్క. రాగి మందుతో చేపకి నయం చేయొచ్చు గానీ అది రీఫ్ ట్యాంకులో చుక్క కూడా పడకూడదు. నత్తలు, రొయ్యలు, పగడాలు పోతాయి. మందులన్నీ వేరే ఖాళీ ట్యాంకులోనే.

సరే, చేపలు లేని ఈ రోజుల్లో పగడాలు పెడదామనుకున్నాను. ఇక్కడ కూడా ఓ మెలిక ఉంది. చేపలున్న నీళ్లలోంచి వచ్చే ఫ్రాగ్ (నాటడానికి అమ్మే పగడపు ముక్క) కింది దిమ్మ మీద కూడా ఆ గుల్ల అంటుకుని రావొచ్చు. అందుకని 76 రోజుల లెక్క ఆఖరి పగడం వచ్చిన రోజునుంచి మొదలవుతుంది. కావాల్సినవన్నీ రెండు వారాల్లోనే తెచ్చేసుకున్నాను.

మొదట మష్రూమ్ పగడాలు, జోవాంథిడ్లు. జోవాలని ముట్టుకునేటప్పుడు గ్లౌజులు, కళ్లజోడు తప్పనిసరి. కొన్నింటిలో ఉండే పాలీటాక్సిన్ చాలా ప్రమాదకరమైన విషం. ఆ రాయిని మాత్రం ఎప్పుడూ మరగబెట్టకూడదు, ఆవిరితోనే ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు. గ్రీన్ స్టార్ పాలిప్ అనే పగడాన్ని మిగతా రాళ్లకి తగలకుండా ఇసుకలో విడిగా, ద్వీపంలా ఓ రాయి పెట్టి దాని మీద నాటాను. దానికి దారి దొరికితే ఊదారంగు చాపలా ట్యాంకంతా పరుచుకుంటుంది. ప్రతిదాన్నీ డిప్‌లో (పురుగులు పోయే మందునీళ్లలో) ముంచి, దిమ్మ అడుగున చూసి పెట్టాను. ఒక దిమ్మ పక్కన చిన్న గోధుమరంగు తామరపువ్వులాంటిది ముడుచుకుని కనపడింది. ఐప్టేసియా, పగడాల్ని కుట్టే కలుపు ఎనిమోనీ. గోకితే తెగిన ముక్కల్లోంచి మళ్లీ పుడుతుంది కాబట్టి గోకకుండా దిమ్మ మొత్తం కట్టర్‌తో కోసి పారేశాను.

తర్వాత హామర్ పగడం ఒకటి, టార్చ్ పగడం ఒకటి. రెండూ దగ్గరి చుట్టాలే, పక్కపక్కన బాగుంటాయనుకున్నాను. పగలు చూస్తే వాటి మధ్య జానెడు కంటే తక్కువే అయినా ఖాళీ ఉంది. రాత్రి దీపాలు ఆరాక టార్చిలైటుకి ఎర్రకాగితం చుట్టి చూశాను. టార్చ్ పగడం చేతులు పగటికంటే చాలా పొడుగ్గా సాగి, నీటి వాలున ఊగుతూ ఊగుతూ హామర్ తలని రాసుకుంటున్నాయి. మూడు రోజుల్లో హామర్ రెండు తలల్లో ఒకటి కరిగి, తెల్లటి ఎముక బయటపడింది. హామర్, దాని ఇంకో చుట్టం ఫ్రాగ్‌స్పాన్ పగడం సాధారణంగా పక్కపక్కన సర్దుకుంటాయి. టార్చ్ మాత్రం వీటితో పొత్తు పెట్టుకోదు. దాన్ని నీళ్లు కొట్టుకుపోయే దిశలో చిట్టచివర, చుట్టూ 20 సెంటీమీటర్లు ఖాళీ ఉంచి పెట్టాను. ఇప్పుడు కొత్త పగడం తెస్తే చోటు పగలు ఎంచను. రాత్రి పది దాటాక ఎవరి చేతులు ఎంత దూరం వెళ్తున్నాయో చూసి ఎంచుతాను.

నలభయ్యో రోజుకి ఇంకో టెన్షన్. ఇసుక మీద, రాళ్ల కొసల మీద గోధుమరంగు చీమిడి తీగలు, వాటి చివర గాలి బుడగలు. డయాటమ్‌లు మళ్లీ వచ్చాయనుకున్నాను. మా అమ్మాయి మైక్రోస్కోపు కింద చుక్క వేసి చూస్తే నువ్వుగింజల్లాంటి కణాలు, ఉన్నచోటే గిరగిరా తిరుగుతున్నాయి. డైనోఫ్లాజలేట్లు, ఈదే ఏకకణ జీవులు. టెస్ట్ చేస్తే నైట్రేట్ 0, ఫాస్ఫేట్ 0. శుభ్రంగా ఉందని సంబరపడాల్సిన అంకెలు కావవి. చేపలు లేవు, మేత లేదు, నీళ్లలోని మురికిని నురగతో తీసే స్కిమ్మర్ మాత్రం పగలూ రాత్రీ లాగేస్తోంది. మామూలు పాచి కూడా బతకలేని చోట ఇవి రాజ్యమేలతాయి. నీళ్లు మార్చడం ఆపి, స్కిమ్మర్ గంటలు తగ్గించి, చేపల్లేని ట్యాంకులో రోజూ చిటికెడు చేపల మేత వేయడం మొదలుపెట్టాను. ఇంట్లోవాళ్లు చూసే చూపు వేరే చెప్పక్కర్లేదు. నైట్రేట్ 5కి, ఫాస్ఫేట్ 0.05కి చేరి అక్కడ నిలబడ్డాక, అయిదో వారంలో తీగలు పలచబడ్డాయి. ఈలోగా రెండు నత్తలు పోయాయి.

పగడాలు ఎముక కట్టుకోవడానికి ఆల్కలినిటీ (క్షారత) 8.5 డీకేహెచ్, కాల్షియం 420 పీపీఎం, మెగ్నీషియం 1,350 పీపీఎం దగ్గర ఉంచుతున్నాను. అంకె ఎంతన్నదానికంటే అది రోజుకో చోటికి ఎగరకుండా చూడటమే ఎక్కువ పని. దీపాన్ని సగం వెలుగుతో మొదలుపెట్టి ఆరు వారాల్లో పెంచాను. మొదటిరోజే పూర్తి వెలుగు పెడితే లోపల బతికే పాచి కణాల్ని పగడం బయటికి నెట్టేసి తెల్లబడుతుంది.

ఇక చేపలు, రెండోసారి. ఈసారి అన్న లిస్టు మీద పేర్ల పక్కన అంకెలు వేశాడు, ఎవరు ఎన్నోవాళ్లో. పిరికివాళ్లు ముందు, జాగా కోసం కొట్లాడేవాళ్లు ఆఖర. సిక్స్‌లైన్ రాస్ మీద గీత పడింది, చిన్న ట్యాంకులో పెరిగేకొద్దీ రౌడీ అవుతుందని. కోరల్ బ్యూటీ మీద నేనే గీత కొట్టాను. కొన్ని బుద్ధిగా ఉంటాయి, కొన్ని పగడాల్ని కొరుకుతాయి, ఏది ఎలాంటిదో వేశాకే తెలుస్తుంది. అది కొరికేరకమని తేలితే నేను మళ్లీ రాళ్లన్నీ పీకాలి. ఎనిమోనీ ఏడాది దాటాక చూద్దామనుకున్నాం. అది నచ్చిన చోటు దొరికేదాకా నడుస్తుంది, దారిలో తగిలిన పగడాల్ని కాలుస్తుంది, ఒక్కోసారి పవర్‌హెడ్‌లోకి (నీళ్లు తిప్పే పంపులోకి) లాక్కుపోయి ముక్కలై ట్యాంకు మొత్తాన్ని పాడుచేస్తుంది.

ప్రతి చేపకీ వేరే ట్యాంకులో 30 రోజులు. అందులో పీవీసీ పైపు ముక్కలు, స్పాంజి ఫిల్టరు తప్ప ఏమీ ఉండదు. మెయిన్ ట్యాంకు మీద అల్యూమినియం చట్రానికి సన్న వల బిగించాను, ఈసారి చేప రాకముందే.

76 రోజులు నిండాక మొదట ఫైర్‌ఫిష్, రెండోది, దిగింది. వారం దాకా తల తప్ప చూపించలేదు. ఆ తర్వాత లిస్టులో లేని ఇద్దరు: ఎల్లో వాచ్‌మన్ గోబీ, దానితో కాపురం చేసే పిస్టల్ రొయ్య. ఇద్దర్నీ ఎదురెదురు మూలల్లో వదిలాను. ఆ రాత్రి టక్‌మని చప్పుడు వినిపించి గాజు పగిలిందని మంచం మీంచి దూకాను. అది రొయ్య చిటికె. మూడోరోజుకి ఒకే బొరియలో చేరారు. రొయ్యకి చూపు దాదాపు ఆనదు. బుల్‌డోజర్‌లా ఇసుక మోసుకొచ్చి బయట పారబోస్తూ, ఒక మీసం మాత్రం ఎప్పుడూ గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. గోబీ గుమ్మంలో కాపలా. నా చెయ్యి గాజు దగ్గరికి రాగానే గోబీ తోక సన్నగా వణికిస్తుంది, ఆ మీసం అందుకోగానే రొయ్య లోపలికి మాయం. మేత వేసే పని మానేసి దీన్నే చూస్తూ కూర్చున్న సాయంత్రాలున్నాయి. ఒకసారి ఇసుక తవ్వి తవ్వి జోవా రాయిని పక్కకి ఒరిగించారు. ఇప్పుడు రాళ్లన్నీ ట్యాంకు అడుగు గాజు మీదే ఆన్చి ఉన్నాయి.

టెయిల్‌స్పాట్ బ్లెన్నీ, ఆపైన రాయల్ గ్రామా. గ్రామా రాతి చూరు కింద తలకిందులుగా వేలాడుతుంది. బ్లెన్నీ అటు వచ్చినప్పుడల్లా నోరు ఇంతలా తెరిచి బెదిరిస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు.

క్లౌన్‌ఫిష్ జంట ఆఖర. ట్యాంకుల్లో పుట్టి పెరిగినవే, ఒకటి నాలుగున్నర సెంటీమీటర్లు, ఒకటి మూడు. క్లౌన్‌ఫిష్ అన్నీ మొదట మగవే. జంటలో పెద్దది, పెత్తనం చేసేది, ఆడదిగా మారుతుంది. అందుకే సైజు తేడా చూసి తీసుకున్నాను. మొదటి వారం పెద్దది తరిమినప్పుడల్లా చిన్నది పక్కకి ఒరిగి జ్వరం వచ్చినట్టు వణికేది. దెబ్బలేమోనని భయపడ్డాను. నువ్వే పెద్ద అని ఒప్పుకోవడం అట అది. రెండు వారాల్లో పక్కపక్కన నిద్రపోవడం మొదలుపెట్టాయి.

ఏడాది దాటింది. ఎనిమోనీ కొందామని బయల్దేరే వారంలోనే పెద్ద క్లౌన్ హామర్‌లోకి దూరింది. టార్చ్ కాల్చగా మిగిలిన ఆ ఒక్క తల ఇప్పుడు మూడు తలలైంది. రోజంతా అందులో ఒళ్లు రుద్దుతోంది, మేత ముక్క దొరికితే తెచ్చి దాని నోట్లో కుక్కుతోంది. హామర్ మొదటి పది రోజులు విసుగ్గా సగమే విచ్చుకుంది, ఇప్పుడు పట్టించుకోవడం లేదు. ఎనిమోనీ పేరు మీద కూడా గీత కొట్టేశాను. చిన్న క్లౌన్ మాత్రం ఇంకా బయటే నిలబడి చూస్తోంది, పెద్దది రానివ్వడం లేదు.